డ్రిఫ్టింగ్ నేర్చుకోవాలంటే ముందు నేల తడపాలి

వెనక చక్రాలు పట్టు తప్పి పక్కకి జారుతుంటే ముందు చక్రాలను ఆ జారే వైపుకే తిప్పి పట్టుకుని, యాక్సిలరేటర్‌తో ఆ జారుడు ఆగకుండా నిలబెట్టడమే డ్రిఫ్ట్. బండిని అడ్డం తిప్పడం ఎవరికైనా వస్తుంది, దాన్ని స్పిన్ అంటారు. అడ్డం తిరిగిన బండిని అదే కోణంలో, అనుకున్న దారిలో నడిపించడంలోనే పనంతా ఉంది. 1970లలో జపాన్ టూరింగ్ కార్ రేసుల్లో కునిమిత్సు తకహాషి ఇలా జారుతూ మలుపులు తీసుకునేవాడు. అతన్ని చూసి కెయిచి త్సుచియా ఆ ఒడుపును ఘాట్ రోడ్ల మీద సానబెట్టాడు. తర్వాత జపాన్‌లో డీ1 గ్రాండ్ ప్రీ, 2004 నుంచి అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ పోటీలు వచ్చాయి. ఆ వీడియోల్లో పొగలు కక్కే బండ్లను చూసిన కుర్రాళ్లు పెద్ద ఇంజన్, ఎక్కువ స్పీడు ఉంటేనే డ్రిఫ్ట్ అవుతుందనుకుంటారు. నేర్చుకునే దశలో రెండూ అక్కర్లేదు, పైగా రెండూ అడ్డమే. కావాల్సింది ఖాళీ కాంక్రీట్ నేల, ఒక నీళ్ల ట్యాంకర్, వెనక చక్రాలతో నడిచే బండి.

తడి నేలే ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రంలో తిరిగేటప్పుడు పొడి తారు మీద మామూలు టైరు గంటకు సుమారు 40 కి.మీ. దాకా పట్టు వదలదు. అదే నున్నటి కాంక్రీట్ తడిపితే 28–30 దగ్గరే జారడం మొదలవుతుంది. చూడటానికి తేడా పది కిలోమీటర్లే. కానీ బండిలో ఉన్న ఊపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 40లో తప్పు చేస్తే దెబ్బ దాదాపు రెండింతలు. పైగా తడి మీద వెనక భాగం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి చేతులకు టైమ్ దొరుకుతుంది. టైర్లు, క్లచ్, యాక్సిల్ షాఫ్టుల మీద భారం తక్కువ. ఎండాకాలంలో పావుగంటకోసారి మళ్లీ తడపాలి. సగం ఆరిన నేల అన్నిటికంటే ప్రమాదం. జారుతున్న టైరు ఒక్కసారిగా పొడి మరక ఎక్కితే బండిని అటువైపు విసిరేస్తుంది. నీళ్లలో సబ్బు, డీజిల్ కలపొద్దు. అవి సమంగా పరుచుకోవు, టైరుకు అంటుకుని తిరిగి వెళ్లేటప్పుడు రోడ్డు మీద కూడా జారుతుంది.

స్థలం కనీసం 80 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు ఉండాలి. లోపల కరెంటు స్తంభం, మ్యాన్‌హోల్ మూత, అరుగు, చెట్టు ఏవీ ఉండకూడదు. అడ్డంగా జారే చక్రం చిన్న అరుగుకు తగిలినా చాలు, రిమ్ వంగడం నుంచి బండి పల్టీ కొట్టడం దాకా ఏదైనా జరగొచ్చు. మట్టి నేల చవకే గానీ నాలుగు రౌండ్లకు చక్రాలు చాళ్లు చేస్తాయి, ఐదో రౌండ్‌లో ఆ చాలు అంచు అరుగులాగే పని చేస్తుంది.

ఊరి బయట అమ్ముడుపోని వెంచర్ల రోడ్లు చూస్తే మనసు లాగుతుంది. వద్దు. మోటారు వాహనాల చట్టం 1988లో బహిరంగ స్థలం అంటే జనం వెళ్లే హక్కున్న చోటు ఏదైనా అనే అర్థం, కాబట్టి వెంచర్ రోడ్డయినా మాల్ పార్కింగ్ అయినా దాని కిందకి రావచ్చు. సెక్షన్ 184 ప్రమాదకరంగా నడపడానికి, సెక్షన్ 189 అనుమతి లేని రేసులకు. ఔటర్ రింగ్ రోడ్డు మీద చేసేవాళ్ల గురించి చెప్పేదేమీ లేదు, వాళ్లకు ఈ వ్యాసం పనికిరాదు. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ మినహాయింపుల్లో ఉంటాయి, విరిగిందంతా సొంత ఖర్చే. దక్షిణాదిలో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే అసలైన ట్రాకులు. సొంత స్థలం ఉన్న కాలేజీ, ఫ్యాక్టరీ యాజమాన్యం రాతపూర్వకంగా ఒప్పుకుంటే అదీ సరే. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లకు పని సులువు, అక్కడ ట్రాకులే డ్రిఫ్ట్ క్లాసులు నడుపుతాయి, బండి కూడా వాళ్లే ఇస్తారు.

ఏ బండి

స్విఫ్ట్, ఐ20, వెర్నా లాంటివి ముందు చక్రాలతో నడుస్తాయి. హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక భాగం జారుతుంది, అక్కడితో సరి. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకే లాక్కుపోతుంది తప్ప జారుడు నిలబడదు. వాటితో డ్రిఫ్ట్ నేర్చుకోలేరు.

వెనక చక్రాలతో నడిచేవన్నీ పనికొస్తాయని కూడా కాదు. ఆమ్నీ, ఈకో, బొలెరో, స్కార్పియో, టవేరా వెనక చక్రాల బండ్లే గానీ ఎత్తు ఎక్కువ. అడ్డంగా జారుతూ ఒక్కసారి పట్టు దొరికితే పక్కకి పడిపోతాయి. వాటిని తడి నేల మీద కూడా ఈ పనికి వాడొద్దు.

మిగిలేవి సెడాన్లు. మాన్యువల్ గేర్లున్న ఇసుజు 1.8 కాంటెస్సా మంచి స్థితిలో దొరికితే తడి నేల మీద నేర్చుకోవడానికి బాగుంటుంది. పొడవైన వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) వల్ల వెనక భాగం మెల్లగా తిరుగుతుంది. 90 హార్స్‌పవర్‌కు కాస్త తక్కువే, తడిలో అది చాలు. 2002లో ఉత్పత్తి ఆగిపోయింది కాబట్టి కొనేముందు వెనక సస్పెన్షన్ బుష్‌లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు చూసుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా దొరికేవి బీఎండబ్ల్యూ 3 సిరీస్, అందులో ఈ46, ఈ90 తరాలు. బ్యాలెన్స్‌లో వీటికి వంక పెట్టలేం, పైగా లాగే హ్యాండ్‌బ్రేక్ ఉంటుంది. చిక్కల్లా మన దేశంలో తిరిగేవాటిలో ఎక్కువ ఆటోమేటిక్. క్లచ్ లేకపోతే కింద చెప్పిన వాటిలో క్లచ్ కిక్ పాఠం వదిలేయాల్సిందే, మిగతావన్నీ గేరును మాన్యువల్ మోడ్‌లో పెట్టి చేయొచ్చు. కొన్ని గేర్‌బాక్స్‌లు రెడ్‌లైన్ (ఇంజన్ గరిష్ఠ ఆర్‌పీఎమ్) దగ్గర తామే పై గేరు వేసేస్తాయి. అప్పుడు చక్రం వేగం ఒక్కసారి మారి జారుడు తెగిపోతుంది, అది మీ తప్పనుకోవద్దు. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కొత్త బండ్లలో హ్యాండ్‌బ్రేక్ పాఠం కుదరదు.

ఇంజన్ బలాన్ని వెనక రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ సంగతి చాలామంది ఆఖర్న ఆలోచిస్తారు, నిజానికి బండి ప్రవర్తనలో సగం దాని చేతిలోనే ఉంది. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్‌లో లోపలి వైపు చక్రం తేలికపడగానే అదొక్కటే గిర్రున తిరుగుతుంది, బయటి చక్రానికి బలం అందదు. దాంతో జారుడు మొదలవుతుంది గానీ నిలవదు. తడి నేల మీద రెండు చక్రాలకూ పట్టు తక్కువే కాబట్టి ఈ తేడా పెద్దగా తెలియదు. పొడి నేలకు మారే రోజు, ఒక చక్రం గిర్రున తిరిగినా రెండోదానికీ బలం పంపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించుకోవాలి. ఉన్న డిఫరెన్షియల్‌కే వెల్డింగ్ కొట్టించడం చవక. కానీ రెండు చక్రాలూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి చిన్న మలుపుల్లో టైర్లు ఈడ్చుకుపోతాయి, యాక్సిల్ షాఫ్టులు విరుగుతాయి. ట్రాక్‌కే పరిమితమైన బండికి సరే, ఇంటికి నడుపుకెళ్లే బండికి వద్దు.

బండి సిద్ధం చేయడం

డబ్బులు పెట్టాల్సింది ముందు చక్రాల టైర్లకు. నేల మీద దిశ ఇచ్చేవి అవే. మంచి పట్టున్న, కనీసం 4 మి.మీ. ట్రెడ్ ఉన్న టైర్లు ముందు వేయండి, గాలి 32 పీఎస్‌ఐ. వెనక చవక టైర్లు చాలు, గాలి 38–40. గాలి పెరిగితే నేలకు తగిలే భాగం తగ్గి తక్కువ పవర్‌తోనే జారుతుంది. టైరు పక్కన అచ్చు వేసిన గరిష్ఠ ప్రెషర్ మాత్రం దాటొద్దు, టైరు వేడెక్కాక నాలుగైదు పీఎస్‌ఐ దానంతటదే పెరుగుతుంది. పంక్చర్ షాపుల్లో పారేసిన టైర్లు తెచ్చేవాళ్లు లోపలి నుంచి కూడా చెయ్యి పెట్టి తడిమి చూడాలి. ఉబ్బు, చీలిక, తీగలు ఏది కనిపించినా వదిలేయండి.

డిక్కీలో స్టెప్నీ, జాకీ, సీట్ల కింద బాటిళ్లు, డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ అన్నీ దించేయాలి. డ్రైవర్ కాలి కింద మ్యాట్ కూడా తీసేయండి, పెడల్ కింద ఇరుక్కుంటే ఆపడం కష్టం. బ్యాటరీ క్లాంపు బిగించండి. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దగ్గర ఉండాలి. బండి ఎక్కువసేపు పక్కకి లాగుతుంటే ఆయిల్ సంపులో ఒక మూలకి చేరుతుంది, మట్టం తక్కువుంటే పంపు గాలి పీలుస్తుంది, ఇంజన్ బేరింగులు పోయేది అప్పుడే. పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్ రిజర్వాయర్ నిండా కాకుండా గీత దాకానే నింపండి, వేడికి పొంగి బెల్టు మీద పడుతుంది.

బండి జారకుండా తానే అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఈఎస్‌పీని పూర్తిగా ఆఫ్ చేయాలి. బీఎండబ్ల్యూలో దీని పేరు డీఎస్‌సీ, ఆ బటన్‌ను ఒక్కసారి తట్టి వదిలితే సగమే ఆగుతుంది. డాష్‌బోర్డులో పూర్తిగా ఆఫ్ అని వచ్చేదాకా కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఇది తిరిగి ఆన్ అవుతుందని గుర్తుంచుకోండి. సగంలో ఇంజన్ పవర్ కోసేస్తుంటే కారణం ఎక్కువగా ఇదే.

హెల్మెట్, సీటు బెల్టు, పల్చటి అడుగున్న బూట్లు, 2 కిలోల డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, బయట నిలబడి చూసే ఒక మనిషి. ఆ మనిషి చేతిలో ఎర్ర గుడ్డ ఉండాలి, ఫోన్ ఉండకూడదు. బండిలో మీరు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు.

కూర్చోవడం, చేతులు

భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ నెత్తిన ఆనాలి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. బండి తిన్నగా ఉన్నప్పుడు స్టీరింగ్ నెత్తిన ఎర్ర ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి. చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయో గింగిరాల మధ్యలో చెప్పేది ఆ టేపే.

వెనక భాగం జారినప్పుడు స్టీరింగ్‌ను మీరు తిప్పనక్కర్లేదు. ముందు చక్రాల కాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండటం) వల్ల స్టీరింగ్ తనంతట తానే జారుతున్న వైపుకి తిరుగుతుంది, అదీ చేతుల కంటే వేగంగా. మీ పని పట్టు సడలించి దాన్ని అరచేతుల మధ్య జారనివ్వడం, కావాల్సిన చోట మళ్లీ పట్టుకోవడం. కొత్తవాళ్లు భయంతో గట్టిగా పట్టుకుంటారు, దాంతో అది తిరగాల్సినంత తిరగదు, బండి స్పిన్ అవుతుంది. బొటనవేళ్లు స్పోకుల లోపలికి పెట్టొద్దు. ఒక్కసారి ముందు చక్రం దేనికైనా తగిలితే వేలు విరుగుతుంది.

ఈ ఒక్క అలవాటు ఇంట్లో కూర్చుని కూడా చేసుకోవచ్చు. కంప్యూటర్‌కు తగిలించే, చేతులకు ఎదురు బలం చూపే 900 డిగ్రీల ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వీల్ పెట్టుకుని అసెట్టో కోర్సా అనే రేసింగ్ గేమ్‌లో వారం పాటు గుండ్రాలు తిరిగితే చేతులకు వదలడం, పట్టుకోవడం వస్తుంది. నడుముకు తెలియాల్సింది మాత్రం రాదు.

మొదటి పాఠం: ఆపడం

తడి నేల మీద మొదటి గేరులో 15 కి.మీ. వేగంతో వెళ్తూ స్టీరింగ్ కుడికి ముప్పావు చుట్టు తిప్పి యాక్సిలరేటర్ సగానికి పైగా ఒక్కసారి తొక్కండి. వెనక భాగం ఎడమకి విసురుతుంది. వెంటనే క్లచ్, బ్రేక్ రెండూ నేలకి తొక్కి పట్టుకోండి. బండి గిర్రున తిరిగి ఆగుతుంది, ఇంజన్ ఆగిపోదు. కాళ్లు ఆలోచించకుండా ఈ పని చేసేదాకా తర్వాతి పాఠానికి వెళ్లొద్దు. ఏ పాఠంలోనైనా కోణం చెయ్యి దాటిపోయిందనిపిస్తే చేయాల్సింది ఇదే. ఆటోమేటిక్‌లో యాక్సిలరేటర్ వదిలి బ్రేక్ గట్టిగా తొక్కడమే.

కుడి వైపు నుంచే మొదలుపెట్టడానికి కారణం ఉంది. మన బండ్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు, కుడికి తిరిగితే మధ్యలో పెట్టిన కోన్ కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది.

రెండో పాఠం: గుండ్రం

మధ్యలో ఒక కోన్. దాని చుట్టూ 8–10 మీటర్ల దూరంలో మొదటి గేరులో నెమ్మదిగా తిరుగుతూ యాక్సిలరేటర్ పెంచండి. వెనక భాగం జారగానే స్టీరింగ్ వదిలి ఎదురు దిశకు పోనివ్వండి, టేపు మధ్య గీత దాటి ఎడమవైపు పావు చుట్టు దగ్గర ఉన్నప్పుడు పట్టుకోండి. ఇక్కణ్నుంచి అంతా కుడికాలి పని. కోణం మూసుకుపోతుంటే, అంటే బండి తిన్నగా అవుతుంటే, కొంచెం తొక్కాలి, మరీ తెరుచుకుని అడ్డం తిరుగుతుంటే కొంచెం వదలాలి. ఇక్కడ కొంచెం అంటే పెడల్ మీద ఒక వేలి మందం. ఇంజన్ చప్పుడు వినండి. 3500–4000 ఆర్‌పీఎమ్ మధ్య ఒకే శ్రుతిలో సాగుతుంటే కాలు బాగా పనిచేస్తున్నట్టు, ఉయ్యాలలా ఎక్కుతూ దిగుతూ ఉంటే కాలు కంగారు పడుతున్నట్టు.

చూపు కోన్ మీద కాదు, కోన్ దాటాక బండి ఎక్కడికి వెళ్లాలో ఆ చోటు మీద. చేతులు చూపు వెంటే వెళ్తాయి. బానెట్ ముందు ఉన్నదాన్ని చూసినవాడు అటే వెళ్తాడు.

ఇక్కడ వచ్చే తప్పుల్లో ఒకటి బాగా తెలుసుకోవాలి. వెనక భాగం బాగా జారి, స్టీరింగ్ పూర్తిగా ఎదురు దిశలో ఉన్నప్పుడు భయపడి యాక్సిలరేటర్ మొత్తం వదిలేస్తారు. వెనక టైర్లకు ఒక్కసారి పట్టు దొరుకుతుంది. ముందు చక్రాలు ఇంకా బయటి వైపే చూస్తున్నాయి కాబట్టి బండి గుండ్రం నుంచి బయటికి బాణంలా దూసుకుపోతుంది, లేదా తోక రెండో వైపుకి విసురుతుంది. రెండోసారి విసిరేది చాలాసార్లు మొదటిదానికంటే గట్టిగా ఉంటుంది. రోడ్ల మీద ఆటలాడే బండ్లు డివైడర్ ఎక్కేది ఎక్కువగా ఇలాగే. కాబట్టి యాక్సిలరేటర్ తగ్గించేటప్పుడు స్టీరింగ్ కూడా తిన్నగా తెస్తూ తగ్గించాలి.

ముందు భాగం కోన్‌కి దూరంగా తోసుకుపోతుంటే వేగం ఎక్కువైనట్టు. స్టీరింగ్ ఇంకా తిప్పితే మరింత తోస్తుంది. ఒక్క క్షణం యాక్సిలరేటర్ తగ్గిస్తే బరువు ముందు చక్రాల మీదకి వచ్చి పట్టు దొరుకుతుంది. అప్పుడు మళ్లీ తొక్కండి.

నిలకడగా మూడు చుట్లు వచ్చాక వ్యాసార్థం 15 మీటర్లకు పెంచి రెండో గేరు వేయండి. మొదటి గేరులో పెడల్ కదలికకు చక్రం మరీ గుంజుకుంటుంది, రెండో గేరులో అది నెమ్మదిస్తుంది. ఆ తర్వాత ఎడమవైపు. రెండు వైపులూ సమానంగా రావు, ఎడమకి ఎక్కువ టైమ్ ఇవ్వాల్సి వస్తుంది.

మూడో పాఠం: క్లచ్ కిక్

రెండో గేరులో పవర్ చాలక వెనక భాగం జారడం లేదంటే క్లచ్ కిక్. యాక్సిలరేటర్ తొక్కి ఉంచే ఎడమకాలితో క్లచ్‌ను చటుక్కున తన్ని వదలాలి. ఆ అరక్షణంలో ఇంజన్ రైజ్ అవుతుంది, క్లచ్ పట్టగానే ఆ ఊపంతా వెనక చక్రాలకు ఒక్క దెబ్బలా తగులుతుంది. క్లచ్ అడుగు దాకా తొక్కక్కర్లేదు, విడిపోయే చోటు దాటితే చాలు. కుడికాలు కూడా పైకి లేచిపోవడం అందరూ చేసే పొరపాటు, అప్పుడు దెబ్బ ఉండదు, బండి కుదుపుతో ఆగుతుంది. 4000 పైన తన్నినా లాభం లేదు, క్లచ్ ప్లేటు అరుగుతుంది, యూనివర్సల్ జాయింట్లు పోతాయి. కాలిన వాసన వస్తే పావుగంట ఆపేయండి.

నాలుగో పాఠం: హ్యాండ్‌బ్రేక్

చాలామంది ఇక్కణ్నుంచి మొదలుపెట్టి ఇక్కడే ఉండిపోతారు, అందుకే దీన్ని నాలుగో పాఠంగా పెట్టాం. తోకను విసరడానికి ఇది పనికొస్తుంది, ఆ తర్వాత నిలబెట్టేది మళ్లీ కుడికాలే.

ముందు కేబుల్ బిగింపు చూడండి. నాలుగైదు క్లిక్కుల్లో వెనక చక్రాలు రెండూ ఒకేసారి లాక్ అవ్వాలి. 35–40 కి.మీ. వేగంతో వచ్చి, మలుపు వైపు స్టీరింగ్ కొద్దిగా తిప్పి, క్లచ్ తొక్కి, హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకునే గట్టిగా లాగి అరసెకనులో వదలాలి. బటన్ వదిలేస్తే అది పైనే ఇరుక్కుంటుంది. క్లచ్ తొక్కకపోతే ఇంజన్ ఆగిపోతుంది, పవర్ స్టీరింగ్ కూడా పోతుంది. వెనక భాగం తిరగడం మొదలవగానే క్లచ్ వదులుతూ యాక్సిలరేటర్ తొక్కాలి, లేటైతే అప్పటికే సగం తిరిగిపోయి ఉంటుంది.

ఐదో పాఠం: ఎనిమిది

రెండు కోన్‌లు, మధ్య దూరం 30 మీటర్లు. మొదటి దాని చుట్టూ కుడికి, రెండో దాని చుట్టూ ఎడమకి. మధ్యలో జారుడు ఒక వైపు నుంచి రెండో వైపుకి మారుతుంది. డ్రిఫ్టింగ్‌లో కష్టమైన భాగం ఇదే, అందంగా ఉండేదీ ఇదే. ఒక కోన్ దాటి బయటికి వస్తూ యాక్సిలరేటర్ సగం పైగా తగ్గించండి. తోక తిరిగి మధ్యకు వస్తుంది, ఊపుతో రెండో వైపుకి వెళ్తుంది. స్టీరింగ్ పూర్తిగా వదిలేస్తే ఆ చివరి నుంచి ఈ చివరికి తానే తిరిగిపోతుంది. తోక రెండో వైపు చివరికి చేరేదాకా ఆగకుండా, మధ్య గీత దాటిన వెంటనే యాక్సిలరేటర్ మళ్లీ తొక్కాలి. ముందే తొక్కితే తోక మారదు, మొదటి గుండ్రంలోకే వెళ్తారు. ఆలస్యంగా తొక్కితే స్పిన్. మూడు నాలుగు సార్లు ఒకే తప్పు వస్తుంటే కోన్‌ల మధ్య దూరం 40కి పెంచండి, టైమ్ దొరుకుతుంది.

ఎనిమిది వచ్చినవాళ్లకు మలుపులోకి ఊపుతో దిగడం కొత్త పాఠం కాదు. మలుపుకి ముందు ఎదురు వైపుకి ఒకసారి తిప్పి, వెంటనే మలుపు వైపుకి తిప్పుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కడమే. ఎనిమిదిలో మధ్య భాగం అంటే ఇదే కదా.

పది నిమిషాలు నడిపితే పది నిమిషాలు ఆపాలి. తక్కువ వేగంలో ఎక్కువ ఆర్‌పీఎమ్ అంటే రేడియేటర్‌కు గాలి తగలకుండా ఇంజన్ వేడెక్కడం. టెంపరేచర్ ముల్లు మధ్య దాటితే బండి ఆపి, బానెట్ ఎత్తి, ఇంజన్ రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. హ్యాండ్‌బ్రేక్ పాఠం చేసిన రోజు బండి నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, కాలిన లైనింగులు డ్రమ్ముకు అంటుకుపోతాయి. గేరులో ఉంచి చక్రం కింద రాయి పెట్టండి. ఇంటికి బయలుదేరే ముందు వెనక టైర్ల గాలి మామూలు ప్రెషర్‌కు దింపి, వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించి, ఈఎస్‌పీ ఆన్ చేసి కదలండి.